పిలకాయల మాటల్లో నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

నెల్లూరు వైపు చిన్నపిల్లలను పిలకాయలు అంటారు. ఏ ఇంట్లోనైనా పిలకాయ ఒక వింత మాట అంటే అది సాయంత్రానికల్లా వాట్సాప్‌లో కావలి అత్తకూ, కనిగిరి బాబాయికీ, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మేనమామకూ చేరిపోతుంది. "నా పన్నులు తోముకున్నా" అని మూడేళ్ళ పాప ప్రకటిస్తే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఇంటి పన్ను బకాయి ఉన్న తాతయ్య ఇంకాస్త గట్టిగా నవ్వుతాడు. నవ్వు ఆగాక మనం చెప్పుకునే కారణం మాత్రం ఎప్పుడూ ఒకటే: చిన్నపిల్ల, తెలియక అన్నది. ఆ కారణం సరిపోదు. ఏమీ తెలియని పిల్ల ఊరుకుంటుంది, లేదా పెద్దవాళ్ళు అన్నదే తిరిగి అంటుంది. ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాటను సొంతంగా పుట్టించాలంటే ఏదో ఒక సూత్రం ముందే పట్టుబడి ఉండాలి. పిల్లల మాటల్లో మనకు నవ్వు తెప్పించేది చాలావరకు ఆ సూత్రమే. అది మన మినహాయింపులకు వచ్చి తగులుకున్నచోట నవ్వు పుడుతుంది. అయితే అన్ని వింతలకూ మూలం ఇదొక్కటే కాదు. ముద్దు మాటలు అని మనం ఒకే మూటగా కట్టేసే వాటిలో ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి.

ముందుగా ఆ పన్నుల సంగతి. బొమ్మ బొమ్మలు అవుతుంది, గిన్నె గిన్నెలు అవుతుంది, కుర్చీ కుర్చీలు అవుతుంది. చివర "లు" చేరిస్తే ఒకటి కంటే ఎక్కువ అని పాపకు ఎవరూ పాఠం చెప్పలేదు, తానే విని పట్టుకుంది. ఆ లెక్కన పన్ను పన్నులే కావాలి, చెయ్యి చెయ్యిలే కావాలి. పళ్ళు, చేతులు అనే రూపాలు ఆమె సూత్రానికి లొంగవు. అవి విని విని గుర్తుపెట్టుకోవలసినవి. క్రియల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆడు అంటే ఆడాను, పాడు అంటే పాడాను అయినప్పుడు చూడు అంటే "చూడాను" కాక ఏమవుతుంది? నవ్వు నవ్వాను అయినప్పుడు ఇవ్వు "ఇవ్వాను" ఎందుకు కాకూడదు? 1958లో జీన్ బెర్కో అనే అమెరికా పరిశోధకురాలు పిల్లలకు ఒక పిట్టలాంటి బొమ్మ చూపించి, దాని పేరు "వగ్" అని తానే కల్పించి చెప్పి, అలాంటివి రెండు ఉంటే ఏమంటారని అడిగింది. అంతకుముందు లోకంలో ఎక్కడా లేని ఆ మాటకు నాలుగేళ్ళ పిల్లలు సైతం ఇంగ్లీషు బహువచనం చక్కగా చేర్చారు. పిల్లలు విన్న మాటలను దాచిపెట్టుకుని అప్పజెప్పడంతో ఆగరనీ, వాటిలోంచి సూత్రం లాగుతారనీ ఆ చిన్న బొమ్మ తేల్చి చెప్పింది.

తల్లిదండ్రులను కలవరపెట్టే మలుపు ఒకటి ఇక్కడే ఉంది. రెండున్నరేళ్ళప్పుడు "చూశాను" అని శుభ్రంగా అన్న పిల్ల మూడేళ్ళు దాటాక "చూడాను" అంటే, వెనక్కి పోతోందేమోనని భయం వేస్తుంది. నిజానికి మొదటిది చిలకపలుకు, రెండోది వ్యాకరణం. సూత్రం కొత్తగా పట్టుబడినప్పుడు దాన్ని అన్నిటికీ వాడి చూస్తారు, మినహాయింపులు ఆ తరువాత మెల్లగా స్థిరపడతాయి. మధ్యలో ఆపి "అలా కాదు, చూశాను అనాలి" అని దిద్దితే పెద్దగా ఫలితం ఉండదు. "అవునా, నెమలిని చూశావా? యాడ చూశావు?" అని సరైన రూపం వాడుతూ మాట కొనసాగిస్తే చాలు.

ఈ సూత్రం లాగే అలవాటు భాషతో ఆగదు. మొహరం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా వద్ద జరిగే రొట్టెల పండుగలో ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఉంటుంది: చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు రొట్టె అందుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి అదే రకం రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. నీళ్ళలో నిలబడి ఆ కేకలన్నీ విన్న ఐదేళ్ళ పిల్లవాడు "బడి లేని రొట్టె ఎవరి దగ్గర ఉండాది?" అని అడిగితే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. కాని వాడు ఆ పండుగ ఏర్పాటును పూర్తిగా అర్థం చేసుకునే ఆ ప్రశ్న వేశాడు.

చుట్టరికాల దగ్గర చిక్కు వేరే రకం. బొమ్మ ఎవరి చేతిలో ఉన్నా బొమ్మే. నాన్న మాత్రం మేనత్త కొడుక్కి మామ, చిన్నాన్న కూతురికి పెదనాన్న, నాయనమ్మకు "ఒరేయ్". మనిషి ఒకడే అయినా పిలిచేవారిని బట్టి పేరు మారిపోతుంది. తన తండ్రిని సెలవులకు వచ్చిన బావ "మామా" అని పిలవగానే "మామ కాదు, నాన్న!" అని మూడేళ్ళవాడు కొట్లాటకు దిగడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు. అమ్మను చూసి నేర్చుకుని నాన్నను "ఏమండీ" అని పిలిచే పిల్లలు కూడా ఇదే కోవలోకి వస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ పియాజే 1920ల్లోనే ఈ చిక్కును గమనించాడు. నీకు తమ్ముడు ఉన్నాడా అంటే ఉన్నాడంటారు, మరి ఆ తమ్ముడికి అన్న ఉన్నాడా అంటే లేడంటారు. తాను ఎదుటివాడి వైపు నుంచి ఏమవుతానో చూసుకోగల చూపు ఇంకా స్థిరపడకపోవడమే దీనికి కారణం. అన్నదమ్ముల సంగతికే ఇంత చిక్కు ఉంటే, అమ్మ వైపు ఒక పేరు, నాన్న వైపు ఇంకో పేరు, పెద్దవాళ్ళకొకటి, చిన్నవాళ్ళకొకటి ఉన్న మన చుట్టరికాలు పిల్లలకు ఎంత బరువో ఆలోచించవచ్చు. దానికి తోడు నెల్లూరు, కడప వైపు చాలా ఇళ్ళలో నాయనమ్మను జేజి అంటారు, పిల్లల భాషలో దేవుడూ జేజే. "జేజికి దండం పెట్టుకో" అనగానే పూజగది వైపు వీపు పెట్టి, వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్న ముసలావిడకు చేతులు జోడించిన పిల్ల ఏ తప్పూ చేయలేదు. నిన్న, రేపు తారుమారు కావడం కూడా ఇలాంటిదే: ఈరోజు రేపు అయినది తెల్లారేసరికి ఇంకేదో అవుతుంటే, "నిన్న ఊరికి పోదాం" అనడంలో వింత లేదు.

ఇక మాటతో సంబంధం లేని వింతలు. సంక్రాంతి బొమ్మలకొలువులో జానెడు చెక్క ఎడ్లబండి పెడితే, ఏడాదిన్నర పిల్లవాడు ఒక కాలు ఎత్తి, ఏమాత్రం నవ్వకుండా, దాన్ని ఎక్కబోతాడు. ఎక్కలేకపోతే కోపం కూడా తెచ్చుకుంటాడు. ఆడుతున్నాడని పెద్దవాళ్ళు అనుకుంటారు. 2004లో జూడీ డిలోచ్, ఆమె తోటి పరిశోధకులు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. తాము కూర్చోగలిగినంత కుర్చీ, ఎక్కగలిగినంత కారు, జారగలిగినంత జారుడుబల్లతో ముందు వాళ్ళను ఆడుకోనిచ్చి, తరువాత వాటి స్థానంలో అచ్చం అలాంటివే చిట్టి బొమ్మలు పెట్టారు. దాదాపు సగంమంది నిజంగానే ఆ చిట్టి కారులోకి కాలు దూర్చబోవడమో, చిట్టి కుర్చీలో కూర్చోబోవడమో చేశారు. వస్తువు ఏమిటో గుర్తుపట్టి దాన్ని ఏం చేయాలో నిర్ణయించే పని, అది ఎంత ఉందో కొలిచి ఒంటిని కదిపే పని మెదడులో వేరువేరు దారుల్లో జరుగుతాయనీ, ఆ వయసులో ఆ రెండు దారులకూ ఇంకా పొత్తు పూర్తిగా కుదరదనీ వారు వివరించారు. బండి అని గుర్తుపట్టగానే ఎక్కాలన్న నిర్ణయం జరిగిపోతుంది. సైజు సంగతి ఆలస్యంగా చేరుతుంది.

దాగుడుమూతల్లో కళ్ళు మూసుకుని నట్టింట నిలబడి తాను దాక్కున్నానని నమ్మే పిల్లల సంగతి ఇంతకంటే లోతైనది. తనకు కనిపించకపోతే ఎవరికీ కనిపించనని అనుకుంటోందని మనం తేల్చేస్తాం. కేంబ్రిడ్జిలో జేమ్స్ రసెల్ బృందం 2012లో ప్రచురించిన పరిశీలనలో తేలింది మరొకటి. కళ్ళు మూసుకున్న పిల్లలను నీ ఒళ్ళు కనిపిస్తోందా అని అడిగితే చాలామంది కనిపిస్తోందనే అన్నారు. మరి నువ్వు కనిపిస్తున్నావా అంటే లేదన్నారు. కళ్ళూ కళ్ళూ కలిస్తేనే ఒకరినొకరు చూసుకున్నట్టు అన్నది వాళ్ళ నమ్మకం. ఇందులో నాకు నవ్వు కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "నేను" అనేది ఒంటికంటే వేరు అన్న ఆలోచన మూడేళ్ళకే ఉందని దీని అర్థం.

కొన్ని వింతలకు పిల్లలు బాధ్యులే కారు, ప్రశ్న అడిగిన పెద్దలే బాధ్యులు. ఒంగోలులోనైనా ఓబులవారిపల్లెలోనైనా ఇంటికొచ్చిన చుట్టం రెండేళ్ళ పిల్లను అడిగే తప్పనిసరి ప్రశ్న ఒకటుంది: "నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?" పిల్ల "నాన్న" అనగానే ఒకరి ముఖం వెలుగుతుంది, ఇంకొకరు వంటింట్లోకి పోతారు. ఇంగ్లీషు మాట్లాడే రెండేళ్ళ పిల్లల మీద చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, "ఇదా, అదా" అని నోటితో అడిగినప్పుడు పిల్లలు నూటికి 85 సార్లు రెండోదాన్నే ఎంచుకున్నారు. చూపుడువేలితో చూపించమన్నప్పుడు ఆ మొగ్గు పోయింది. చెవిలో ఆఖరున పడిన మాట మనసులో ఇంకా నిలిచి ఉండడం వల్ల దాన్నే తిరిగి అనేస్తారన్నమాట. ఇంట్లో పరీక్షించి చూడడానికి ఖర్చేమీ లేదు: "నాన్న ఇష్టమా, అమ్మ ఇష్టమా?" అని తిప్పి అడిగితే వంటింట్లోకి పోయిన మనిషి వెనక్కి రావచ్చు. ఏమైనా ఇలాంటి ప్రశ్న అడగడమే పనికిమాలిన పని అని నా అభిప్రాయం.

దోశ సంగతి కూడా కొంత ఇలాంటిదే. ఒక దోశను నాలుగు ముక్కలు చేసి పెడితే "నాకు ఎక్కువ వచ్చింది" అని నాలుగేళ్ళవాడు సంతోషించడం, అదే దోశను మడిచి పెడితే సగమే వేశారని ఏడవడం అందరికీ తెలిసినదే. ఆకారం మారినా మోతాదు మారదన్న ఎరుక ఆరేడేళ్ళకు గానీ రాదని పియాజే నీళ్ళ గ్లాసులతో, వరుసగా పేర్చిన బిళ్ళలతో చూపించాడు. కాని 1974లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఆ ప్రయోగాన్నే చిన్న మార్పుతో చేశారు. బిళ్ళల వరుసను పెద్దవాళ్ళు చెదరగొట్టకుండా, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఆడించారు. అప్పుడు అంతకుముందుకంటే చాలా ఎక్కువమంది పిల్లలు రెండు వరుసలూ సమానమేనని సరిగ్గా చెప్పారు. పెద్దమనిషి కావాలని ఏదో మార్చి, అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడిగితే జవాబు మార్చమంటున్నాడనుకోవడం పిల్లల తెలివే. మన ఇళ్ళలో "సరిగ్గా చెప్పు, ఇంకోసారి చెప్పు" అనగానే రంగు పేరు మార్చేసే పిల్లలు చేస్తున్నది అదే.

అబద్ధాల దగ్గరకు వస్తే పెద్దవాళ్ళ నవ్వు కాస్త తగ్గుతుంది, నిజానికి గమనించవలసిన సంగతులు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. డబ్బాలో దాచిన మలైకాజా ఒకటి తక్కువైంది. మూడున్నరేళ్ళ నిందితురాలి మూతి చుట్టూ పాకం ఉంది.

"కాజా ఎవరు తిన్నారమ్మా?"

"పిల్లి తినింది."

"పిల్లికి నచ్చిందా?"

"బో తియ్యగా ఉండాది!"

ఈ సంభాషణలో పిల్ల ఒక మెట్టు ఎక్కింది, ఇంకో మెట్టు దగ్గర తడబడింది. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సీ అనే పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి పోతాడు. వాడు లేనప్పుడు తల్లి దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. తిరిగి వచ్చాక మాక్సీ ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళవాళ్ళు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడు ఉన్నచోటే అంటారు, ఎందుకంటే తమకు తెలిసినది అందరికీ తెలుసని వాళ్ళ లెక్క. నాలుగైదేళ్ళకు మాక్సీ మనసులో తప్పు నమ్మకం ఉంటుందని, పాతచోటే వెతుకుతాడని చెప్పగలుగుతారు. అబద్ధమంటే ఎదుటివాడి మనసులో తప్పు నమ్మకం నాటడమే; అందుకు ముందుగా ఎదుటివాడి మనసు తన మనసు కాదని తెలియాలి. మైకేల్ లూయిస్ బృందం 1989లో మూడేళ్ళ పిల్లలను గదిలో ఒంటరిగా ఉంచి, వెనక ఉన్న బొమ్మ వైపు తిరిగి చూడవద్దని చెప్పి వెళ్ళింది. 33 మందిలో 29 మంది చూశారు. తరువాత అడిగితే కొందరు ఒప్పుకున్నారు, దాదాపు అంతేమంది చూడలేదన్నారు, తక్కినవాళ్ళు నోరు విప్పలేదు. వయసు పెరిగేకొద్దీ కాదనేవారి సంఖ్య పెరుగుతుందని టొరంటోలో కాంగ్ లీ, మాంట్రియల్‌లో విక్టోరియా తల్వార్ తదితరులు ఆ తరువాత చూపించారు. అంతే కాక, ఎదుటివారి మనసును ఊహించగల పిల్లలే అబద్ధం చెప్పడంలో ముందుంటున్నారు.

పిల్లి తిన్నదన్న కాజా తియ్యగా ఉందని తానే చెప్పడం రెండో మెట్టు దగ్గరి తడబాటు. మొదటి అబద్ధం ఆడడం ఒక పని, దానికి తగినట్టు ఆ తరువాతి మాటలన్నీ కాచుకోవడం ఇంకో పని. తల్వార్, లీ చేసిన పరీక్షల్లోనూ చూడలేదన్న చిన్నపిల్లలు, ఆ బొమ్మ ఏమై ఉంటుందంటావు అని అడగగానే దాని పేరు సరిగ్గా చెప్పేసి దొరికిపోయారు. దాన్ని కూడా దాచుకోవడం ఆరేడేళ్ళకు వస్తుంది. కాబట్టి మూడున్నరేళ్ళ పిల్ల అబద్ధమాడిందని ఇంట్లో కోర్టు పెట్టనక్కరలేదు, అలాగని పిల్లి మీద పెట్టిన కేసును నలుగురిలో మెచ్చుకోవడమూ మంచిది కాదు. పాకం మూతి కడిగి, కాజా అడిగి తీసుకోవాలని చెబితే సరిపోతుంది. వచ్చిన చుట్టం ముందు "నువ్వు ఎప్పుడు పోతావో అని మా అమ్మ అనింది" అని చెప్పేసే పిల్లవాడిది దీనికి సరిగ్గా ముందు దశ: అమ్మకు తెలిసినది చుట్టానికి తెలియకూడదన్న ఆలోచనే వాడికింకా రాలేదు.

"ఎందుకు" అన్న ప్రశ్నల వాన గురించి తల్లిదండ్రులందరికీ ఒకే ఫిర్యాదు: జవాబు కోసం కాదు, ఊరికే విసిగించడానికే అడుగుతారని. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన పరిశీలన దీన్ని ఒప్పుకోదు. కారణం చెప్పినప్పుడు పిల్లలు తల ఊపి ముందుకు పోయారు, లేదా దాని మీద కొత్త ప్రశ్న వేశారు. కారణం కాని జవాబు వచ్చినప్పుడు అదే ప్రశ్న మళ్ళీ అడిగారు, లేదా తామే ఒక కారణం కల్పించుకున్నారు. "అదంతే", "పెద్దయ్యాక తెలుస్తాది" అన్న జవాబులే ఆ వానను పొడిగిస్తున్నాయన్నమాట. వాళ్ళు కల్పించుకునే కారణాలకూ ఒక తీరు ఉంది. అమెరికాలో డెబొరా కెలెమెన్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, రాళ్ళు ఎందుకు మొనదేలి ఉంటాయంటే జంతువులు దురద పుట్టినప్పుడు గోక్కోవడానికి అన్న తరహా జవాబులే పిల్లలకు నచ్చాయి. ప్రతిదీ ఏదో ఒక పని కోసం ఉందని వాళ్ళ నమ్మకం. పెన్నలో ఇసుక ఎందుకుందంటే ఆడుకోవడానికి. నేలపట్టు పక్షుల కేంద్రానికి గూడబాతులు ఎందుకొస్తాయంటే మనం చూడడానికి.

అన్ని ప్రశ్నలూ మాత్రం నవ్వి వదిలేసేవి కావు. 2023 జూలై 14న మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది. అలాంటి రోజుల్లో నెల్లూరు జిల్లా అంతటా జనం మిద్దెలు ఎక్కి దక్షిణం వైపు చూస్తారు. ఆ పట్టపగలు "అది చంద్రుడి దగ్గరికి పోతోంది" అని చెబితే ఏ నాలుగేళ్ళ పిల్లయినా అడగదగిన ప్రశ్న ఒకటి ఉంది: "చంద్రుడు ఇప్పుడు లేడు కదా, యాడికి పోతాది?" ఈ ప్రశ్నకు నవ్వితే నష్టం మనకే. రాకెట్‌ను చంద్రుడు ఇప్పుడు ఉన్నచోటికి గురిపెట్టరు, నౌక చేరేనాటికి ఉండబోయే చోటికి గురిపెడతారు. ఆగస్టు 23న అది దిగేదాకా నెల రోజులకు పైగా పట్టింది. పిల్లకు అంత అక్కర్లేదు, "చంద్రుడు తిరుగుతా ఉంటాడు, వచ్చేచోట ఇది ముందే పోయి పట్టుకుంటాది" అంటే చాలు.

ఇంతవరకు చెప్పినవన్నీ పిల్లలు నవ్వించాలని అనుకోకుండా నవ్వించినవి. వాళ్ళు కావాలని నవ్వించేవి వేరు, అవి మనం అనుకునేదానికంటే చాలా ముందే మొదలవుతాయి. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త వాసుదేవి రెడ్డి, ఏడాది నిండని పసివాళ్ళు సైతం బిస్కెట్టు ఇస్తున్నట్టు చెయ్యి చాపి, మనం అందుకోబోయే లోపల వెనక్కి లాక్కుని నవ్వడాన్ని వివరంగా నమోదు చేసింది. మాటలు రాకముందే, ఎదుటివాడు ఏం ఎదురుచూస్తున్నాడో తెలిస్తేనే ఇది చేయగలరు. రెండు మూడేళ్ళకు పొరపాటుకూ పరాచికానికీ తేడా తెలుస్తుంది. ఎలీనా హోయికా, మెరిడిత్ గాటిస్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో, పెద్దమనిషి ఒక పని తప్పుగా చేసి "అయ్యో" అంటే పిల్లలు దాన్ని సరిచేసి చూపించారు, అదే పని నవ్వుతూ చేస్తే తప్పుగానే అనుకరించారు. చెప్పును తలమీద పెట్టుకుని "టోపీ" అంటున్న పిల్లవాడు మన ముఖం వైపు చూస్తున్నాడా లేదా అన్నదే గుర్తు: చూస్తుంటే అది పరాచికం, చూడకపోతే వాడికి అది నిజంగానే టోపీ. ఫోను తీసి వీడియో పడుతూ "ఇంకోసారి చెయ్యి, ఇంకోసారి" అనేవాళ్ళు ఈ రెంటినీ కలిపేస్తారు. పొరపాటుకు పడిన నవ్వును కూడా పిల్లవాడు మెప్పు అనుకుని వారమంతా దాన్నే చేస్తాడు, ఆ తరువాత వద్దంటే ఎందుకు వద్దంటున్నారో వాడికి అర్థం కాదు.

పొడుపుకథ దగ్గరకు వచ్చేసరికి ఈ ప్రయాణం ఇంకో దశకు చేరుతుంది. పొడుపుకథలో నవ్వు ఒకే మాట రెండు వైపులా పనిచేయడంలో ఉంటుంది, అది పూర్తిగా పట్టుబడడానికి ఆరేడేళ్ళు దాటాలి. అంతకుముందు వాళ్ళకు దాని వరస మాత్రం వచ్చేస్తుంది: ముందు అడగాలి, ఎదుటివాడు ఓడిపోవాలి, ఆఖరున అందరూ నవ్వాలి. రాత్రి కరెంటు పోయి తాతయ్య పొడుపుకథలు మొదలుపెడితే ఐదేళ్ళవాడు తనవంతు తీసుకుంటాడు.

"పచ్చగా ఉంటాది, మిద్దె మీద ఉంటాది, ఏందది?"

"చిలక."

"కాదు."

"పాదు మీద సొరకాయ."

"కాదు! ఆరేసిన మా అక్క గౌను!"

అందరికంటే ముందు తానే పడీ పడీ నవ్వుతాడు. ఆ నవ్వు పొడుపుకథ చివర రావలసినచోటికి సరిగ్గా వచ్చింది. లోపల ఉండవలసిన కిటుకు ఒక్కటే ఇంకా రాలేదు, అది రెండో తరగతికి వస్తుంది.